అమ్మమ్మ పన్ను నొప్పి

"జనాన్ని ఏడిపించడానికే పుట్టావా నువ్వు?"

అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. తప్పు మాత్రం అతనిదే. చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం, చిత్రకళ అన్నీ కలిపి చదివే డిగ్రీ అది. చేరిన వారానికే ఆమె లేచి తను రాసిన పేపర్ చదువుతుంటే, వాక్యానికోసారి చెయ్యెత్తి "ఎందుకు?" అని అడిగాడు మహానుభావుడు. ఆ రోజు నుంచి క్లాసులో అతని పేరు 'ఎందుకు'. పాత ఫోటోలంటే పడిచచ్చే ఆమెకు 'ఆల్బమ్' అని పేరు పెట్టి అతను పగ తీర్చుకున్నాడు.

మూడేళ్లలో ఆ పగ కాస్తా ఏమైందో క్లాసులో అందరికీ తెలుసు. ఆ ఇద్దరే ఒకరితో ఒకరు అనుకోలేదు.

పాత స్టూడియో ఫోటోల్లో జనం ఎందుకు నవ్వరన్నది ఆమె ఫైనల్ ఇయర్ థీసిస్. అందులో ఆమెకు ప్రాణం లాంటి అధ్యాయం ఒకటుంది. వాళ్ల అమ్మమ్మ పెళ్లికి ముందు తీయించుకున్న ఫోటో మీద, ఆ ముఖంలోని దుఃఖం మీద ఇరవై పేజీలు.

ఒక వానపూట క్యాంటీన్లో నవ్వాపుకోలేక అతనికి చెప్పింది.

"నిన్న ఫోన్లో అమ్మమ్మని అడిగేశా, ఆ ఫోటోలో అంత బాధగా ఎందుకున్నావే అని."

"ఏమన్నారు?"

"పన్ను నొప్పట!"

అతనికి కాఫీ పొలమారింది. "మరి ఆ ఇరవై పేజీలు?"

"ఉంటాయి. నొప్పి ఆవిడది, చూపు నాది. పాత ఫోటోల్లో మనం వెతుక్కునేది వాళ్ల బాధ కాదు బాబూ, మనదే."

అతను నవ్వడం ఆపేశాడు. అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు తట్టుకోలేక ఆమె కప్పులోకి తల దించుకుంది.

"ఈ పన్ను సంగతి ఎవరికీ చెప్పకు. పరువు పోతుంది."

"ఒట్టు."

ఆ డిపార్ట్‌మెంట్‌లో ఒక ఆనవాయితీ ఉంది. థీసిస్ వైవాలో మొదటి ప్రశ్న ఎగ్జామినర్లు అడగరు. మనం ఎంచుకున్న క్లాస్‌మేట్ అడగాలి. అందరూ ప్రాణస్నేహితులనే ఎంచుకుని, ముందే మాట్లాడుకున్న ప్రశ్న అడిగించుకుంటారు. ఆమె అతన్ని ఎంచుకుంది.

"ఏం అడుగుతావో చెప్పు."

"నీకొచ్చిందే అడుగుతాలే."

"ఆటలొద్దు. రీసెర్చ్ సీటు ఒక్కటే ఉంది, నీతో సహా క్లాసంతా దానికే పోటీ. అది రాకపోతే నాన్న రంగుల షాపులో కూర్చోవాలి. ముందే ఒప్పుకుని వచ్చాను."

"నన్ను నమ్మవా?"

నమ్మింది.

వైవా రోజు అతను ఇస్త్రీ చొక్కాలో లేచి నిలబడ్డాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"మీ అమ్మమ్మగారి ముఖంలో ఉన్నది దుఃఖమేనని మీకెలా తెలుసు?"

క్యాంటీన్లో అంత సులువుగా వచ్చిన మాట ఇప్పుడు ఆమె నోటికి రాలేదు. అతను వేసిన ఒట్టు ఒక్కటే గుర్తుంది. అబద్ధమాడటం చేతకాలేదు.

"తెలియదు. ఆ రోజు ఆవిడకి పన్ను నొప్పి."

ముందు పెద్ద ఎగ్జామినర్ నవ్వాడు. ఆయన వెనకే గదంతా నవ్వింది. ఆ తర్వాత ఆమెను ఎవరూ గట్టి ప్రశ్న అడగలేదు.

సీటు అతనికొచ్చింది.

నోటీసు బోర్డు ముందు, వరండాలో వాన జల్లు కొడుతుంటే పరిగెత్తుకొచ్చాడు.

"నేనెవరికీ చెప్పలేదు. అడిగానంతే. క్యాంటీన్లో ఒక మాటన్నావు చూడు, నీ థీసిస్ మొత్తంలో అలాంటి మాట లేదు. అది వాళ్ల ముందు చెప్తావనుకున్నా."

"ముందే చెప్పి ఉండొచ్చుగా?"

"చెప్తే బట్టీ పట్టి అప్పజెప్తావు. అప్పటికప్పుడు మాట్లాడితే నువ్వెంత బాగుంటావో నీకు తెలీదు."

"అంటే, నీకు వినాలనిపించింది."

అతను తల దించుకున్నాడు. "నువ్వంటే ఇష్టం కాబట్టి."

మూడేళ్లుగా ఆమె ఎదురుచూసిన మాట. తీరా వచ్చాక దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. సంతోషం రాలేదు, కోపమూ పోలేదు.

"నాకూ ఇష్టమే," అంది.

"అయితే సీటు వదిలేస్తా."

"వదిలితే నాకు రాదు. నా పైన ఇంకా నలుగురున్నారు. నువ్వు త్యాగమూర్తివి కానక్కర్లేదు."

"మరి మనం?"

"నువ్వు లైబ్రరీలో, నేను రంగు డబ్బాల మధ్యలో. రోజూ పొద్దున్నే లేచి నిన్ను క్షమించాలి. అంత ఓపిక నాకు లేదు."

ఈలోగా వాన వెలిసి, గ్రూప్ ఫోటో తీయడానికొచ్చిన ఫోటోగ్రాఫర్ కేకేశాడు. క్లాసంతా మెట్ల మీద సర్దుకుంటోంది. స్నేహితులు తెలియక, ఎప్పటిలాగే ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టారు.

"వెనక వరసలో అమ్మాయి! కాస్త నవ్వమ్మా!"

ఆమె నవ్వలేదు. రెండోసారి చెప్పినా నవ్వలేదు. చివరికి ఫోటోగ్రాఫర్ విసుక్కుని క్లిక్కుమనిపించాడు.

"ఎప్పుడైనా ఎవరైనా ఈ ఫోటో చూసి, ఈ అమ్మాయి ఎందుకలా ఉందని అడిగితే..." పక్కనుంచి అడగబోయాడు 'ఎందుకు'.

ఆమె మెట్లు దిగుతూనే, వెనక్కి తిరక్కుండా జవాబిచ్చింది.

"పన్ను నొప్పని చెప్పు."