ఆ కోడ్‌కి ఎవరూ చెప్పలేదు

2023 నవంబరు 14, మంగళవారం. పొద్దుటి నుంచి సన్నటి తుంపర. గొడుగు తెరిస్తే ఆగుతుంది, ముడిస్తే మొదలవుతుంది. ఇలాంటి వానంటే నా మోకాళ్లకు మహా చిరాకు. మోకాళ్ల సంగతి అలా ఉంచండి.

మధ్యాహ్నం మా మేనకోడలితో ఆసుపత్రి రికార్డుల విభాగానికి వెళ్లాను. నేనూ, వాళ్ల నాన్న అంటే మా బావా, ఉద్యోగాలు వెలగబెట్టిన చోటది. గుండెజబ్బుల పరిశోధనలో చేరినవాళ్ల వివరాలు అక్కడ పేర్లు లేకుండా, కోడ్‌లతో ఉంటాయి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే పట్టిక వేరే గదిలో ఉంటుంది. దాని పాస్‌వర్డ్‌లో సగం నాది, సగం బావది. ఏర్పాటు బావదే. "పేరు తెలిస్తే ప్రతివాడూ మన గుండె తడిమి చూస్తాడురా" అనేవాడు. నేను రిటైరయ్యాక కూడా నా సగాన్ని మార్చే తీరిక ఎవరికీ దొరకలేదు.

బావ కూడా ఆ పరిశోధనలో చేరాడు. పోయిన నెల కన్నుమూశాడు. ఇప్పుడు కూతురికి ఆపరేషను. తండ్రి ఫలితం చూస్తేగాని ఈమెలో ఏ లోపం కోసం వెతకాలో తెలియదని, అది తేలకుండా మత్తు ఇవ్వనని డాక్టరు భీష్మించుకున్నాడు.

"పేరుతో వెతకడం కుదరదు సార్. మీరు పెట్టిన రూలే కదా" అంది గుమాస్తా.

"పెట్టిన మహానుభావుడు పోయాడమ్మా. నేను వట్టి సగం మనిషిని."

మిగతా సగం బావ చివరి రోజున కూతురి చెవిలో చెప్పాడు. పట్టిక గదిలోకి వెళ్లాం. కిటికీల్లేవు. చలి. యంత్రాల రొద. ఎక్కడినుంచో బావ నుదుటికి రాసుకునే బామ్ వాసన...

ఇద్దరం చెరో సగం కొట్టాం. కోడ్ దొరికింది. ఫలితమూ దొరికింది. వంశపారంపర్యమే.

దాని కింద 'నాడి' అన్నచోట ఒక అంకె మారింది.

"మామయ్యా... నాన్న గడియారం ఎవరు పెట్టుకున్నారు?"

నాడి లెక్కపెట్టి ఇక్కడికి పంపే గడియారం అది. పరిశోధనవాళ్లు ఇచ్చారు.

"ఎవరూ పెట్టుకోలేదు. నా జేబులో ఉంది. బ్యాటరీ కూడా తీసేశాను."

తీసి బల్ల మీద పెట్టాను. తెర మీద ఇంకో అంకె చేరింది... ఇంకోటి...

"నాన్నా?" అంది గుసగుసగా.

తెర మీద నాడి ఒక్కసారిగా ఎగిరింది.

భయం కంటే ముందు నాకు ఒళ్లు మండింది. బ్యాంకుకి, కరెంటాఫీసుకి, గ్యాసువాడికి... బావ పోయాడని చెప్పని చోటు లేదు. అంతా పేరుతోనే చెప్పాను. ఈ కోడ్‌కి ఎవరు చెబుతారు? దానికి ఆ పేరే తెలియదాయె!

'మరణించారు' అని కొట్టాను. యంత్రం ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టాను.

'నాడి నడుస్తోంది' అంది.

బామ్ వాసన నా భుజం దాకా వచ్చింది... గడియారం అక్కడే వదిలేసి బయటపడ్డాం.

ఆపరేషను క్షేమంగా జరిగింది. తర్వాత మేనకోడలూ ఆ పరిశోధనలో చేరింది. ఒకరికిచ్చిన కోడ్ యంత్రం ఇంకొకరికి ఇవ్వదు. అయినా ఈమెకు తండ్రిదే ఇచ్చింది. ఎంత మొత్తుకున్నా మార్చేవాడు లేడు. ఈమెకింకా గడియారం ఇవ్వనేలేదు. ఆ కోడ్ కింద ఇప్పుడు రెండు నాడులు నడుస్తున్నాయి.

వీలునామా ప్రకారం ఇల్లు మేనకోడలికి. జబ్బు వీలునామా లేకుండానే ఆమెకు. గడియారం నాకు, నేను తెచ్చుకోలేదు. ఆ కోడ్‌కి మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు.