నాలుగింటికి పడిపోయే సర్వర్

అది ఫిబ్రవరి పదిహేడు. భోజనం వేళ దాటిపోయి, నాలుగింటికి రెండు ఉడికించిన గుడ్లూ మాడిన బ్రెడ్డూ తిన్నాడు ప్రోగ్రామర్. తిన్నది కూడా గుర్తుండటానికి కారణం, మరుక్షణమే, ప్రోగ్రాంలో లోపాలు వెతికే టెస్టర్ వచ్చి బల్ల పక్కన నిలబడటం.

"మీ సర్వర్ పడిపోయిందండీ. లేపుతారా, నీళ్లు చల్లమంటారా?"

లేపాడు. మర్నాడు నాలుగింటికి మళ్లీ పడింది. ఆమె మళ్లీ వచ్చింది.

పరీక్ష కోసం పంపే వెయ్యి దరఖాస్తులు ఒక్కసారిగా మీదపడితే ప్రోగ్రాం ఉక్కిరిబిక్కిరవుతోంది. మొదటి రోజు సాయంత్రమే తప్పు దొరికింది, సరిచేశాడు కూడా. సరిచేసినదాన్ని సర్వర్‌లో పెట్టడానికే చెయ్యి రాలేదు. ఇదొక్కటీ తీరితే టెస్టింగ్ ముగిసినట్టే. ఆమె మరో భవనంలో మరో పనికి వెళ్లిపోతుంది.

అలా పది రోజులు నెట్టుకొచ్చాడు. శుక్రవారం సాయంత్రం, అందరూ బాబాయ్ అని పిలిచే టీం లీడర్ ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఇక ఏఐనే అడుగుదామన్నాడు. సర్వర్ క్షణక్షణం రాసుకునే లాగ్‌లనూ, కోడ్ మార్పుల చరిత్రనూ దానికి అప్పగించాడు. నెట్ నెమ్మదిగా ఉందని ప్రోగ్రామర్ అడ్డుపడబోయాడు గానీ, ఆయన వినిపించుకోలేదు.

ఏఐకి మొహమాటం తెలియదు. ఈ తప్పుకు మందు పది రోజుల కిందటే తయారైందట. రాసినవారే సర్వర్‌లో పెట్టకుండా ఆపారట.

అతను కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

అది అక్కడితో ఆగలేదు. ఆ పరీక్ష మొదటి రోజే పూర్తయిందట. అయినా రోజూ నాలుగింటికి రెండు నిమిషాల ముందు, టెస్టర్ ఖాతా నుంచి అవే వెయ్యి దరఖాస్తులు పనిగట్టుకుని పంపుతున్నారట.

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

బాబాయ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒకరు పడేస్తారు, ఒకరు లేపుతారు. మధ్యలో నా బీపీ ఏం చేసిందమ్మా?" అని, మాత్ర వేసుకోవాలంటూ బయటకు నడిచాడు.

"మీరు వెళ్లిపోతారని ఆపాను," అన్నాడతను, తల ఎత్తకుండా.

"సరే, ఇప్పుడు పెట్టెయ్యండి."

"పెడితే మీరు రారుగా."

"సర్వర్ పడితేనే రావాలా? మనిషిని చూడ్డానికి రాకూడదా?"

అతను బటన్ నొక్కాడు. ఆమె వెయ్యి దరఖాస్తులూ పంపింది. సర్వర్ నిలబడింది.

సోమవారం నుంచి నాలుగింటికి రెండు భవనాల మధ్య ఉన్న టీ కొట్టు దగ్గర కలవాలని తేల్చుకున్నారు. బయట వాన. ఉన్నది ఒకటే గొడుగు, అదీ ఆమెదే. అతను తడిసినా ఫరవాలేదన్నాడు. జలుబు చేస్తే సోమవారం ఎవరొస్తారని ఆమె కసిరింది.

మెట్ల మీద రెండు జతల అడుగులు కిందికి దిగిపోయేదాకా బాబాయ్ నడవలోనే ఆగాడు. ఆ తర్వాత దీపాలార్పి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.