నలభై మూటల మఖమల్

ఆ పొద్దున కొండల మీది ఎల్ ఆల్తో పట్నంలో లారీ వాకిట్లో ఆగేసరికి యోలా ఊదా మొక్కజొన్న జావ సగం కూడా తాగలేదు. గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తింది. అత్త పెట్రోనా ముప్పై ఏళ్ళుగా నడుపుతున్న బట్టల కొట్టుకు, టోకు వ్యాపారుల్ని కాదని, కోడలు పట్టుబట్టి చైనా నుంచి నేరుగా మఖమల్ తెప్పించింది. నలభై మూటలు. అవి సముద్రం దాటి పక్క దేశపు అరికా రేవులో దిగి, కస్టమ్స్ వాళ్ళ దగ్గర పదిహేడు రోజులు పడిగాపులు పడి, కొండెక్కి వచ్చాయి. కొట్టు బతుకంతా వాటిలోనే ఉంది.

యోలా డ్రైవరుతో కాగితాలు సరిచూస్తుంటే, పెట్రోనా మూటల మీద రంగు కాగితం ముక్కలు చల్లి, రెండు సీసాల బీరు కుమ్మరించి, భూమాత పచమామకు ఏదో గొణుగుతూ దణ్ణం పెట్టుకుంది. కొత్త సరుకు వస్తే ఎవరైనా చేసేదే. యోలా తల తిప్పి చూసేసరికే అంతా అయిపోయింది.

యోలా మూటలు విప్పించి చూసింది. పదకొండు మూటల్లో మఖమల్ తడిసి తెల్లటి చారలు కట్టింది.

యోలా కబురు పెడితే మధ్యాహ్నం బీమా వాళ్ళ పరిశీలకుడు ఇరియార్తే వచ్చి, ఒక మూటను వాసన చూసి మొహం చిట్లించాడు. "బీరు వాసనమ్మా. తడిపింది మీరేనని రాయాల్సిందే. పరిహారం రాదు," అని, కాగితం మీద అదే రాసి, ఫోను మాట్లాడుకోడానికి బయటికి వెళ్ళాడు.

యోలా అత్త మీద విరుచుకుపడింది. "ఫొటోలు తీసేదాకా ముట్టుకోవద్దని నిన్న చెప్పానా లేదా అత్తమ్మా?"

"చెప్పావు."

"మరి?"

"పోయకుండా విప్పకూడదు."

"ఇక కొట్టు మూసేద్దాం. నా చదువూ మీ భక్తీ కలిసి నిండా ముంచాయి. అసలు ఈ ఇంట్లో నా మాటకి ఎప్పుడైనా విలువుందా?"

పెట్రోనా తడిసిన మూట దగ్గరికి నడిచింది. మూట నడుమ నుంచి ఒక మడత లాగి గడప దాకా వెళ్ళింది. "బాబూ, ఇలా రా. ఇది కాస్త నాకి చూడు."

"నేనా?"

"నువ్వే. బీరు రుచి తెలీదా ఏంటి?"

ఇరియార్తే సిగ్గుపడుతూ నాలుక కొస ఆనించాడు. కనుబొమలు పైకి లేచాయి. "ఉప్పగా ఉంది."

"బీరు పైన గోనె మీదే ఆగింది. ఇది లోపలి బట్ట. మన దేశానికే సముద్రం లేదు కదా నాయనా. మా వాకిట్లో ఎక్కడైనా దాచుకున్నామేమో వెతుక్కో."

అతనికి నవ్వాగలేదు. రాసిన కాగితం కొట్టేసి, ఓడలో ఉప్పునీరు దిగిందని కొత్తగా రాసి, పరీక్షకి బట్ట ముక్క కత్తిరించుకుని వెళ్ళాడు.

యోలా మూట మీద కూలబడింది. ఇందాక అన్న మాటలన్నీ ఇప్పుడు ఆమెకే తగులుతున్నాయి. "తప్పయింది అత్తమ్మా. కానీ పది నిమిషాలు ఆగి ఉంటే ఏం పోయేది?"

"ఆగితే నా మనసు మారేది." పెట్రోనా ఆమె పక్కనే కూర్చుంది. "ఇన్నేళ్ళూ నా పేరు చెప్పుకునే పోశాను. భూమాతకి ఎవరి పేరు చెబితే కొట్టు వాళ్ళదే. ఇవాళ నీ పేరు చెప్పాను. ముసలి బుర్ర కదా, మళ్ళీ నాదేనంటుందేమోనని తొందరపడ్డా."

యోలా అత్త ఒళ్ళో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పెట్రోనా ఆమె జడ నిమిరింది.

"ఇక లే," అంది చివరికి. "తడిసినవి ఎండకెయ్యాలి. ఏవి ముందో చెప్పు, యజమానురాలా."