మణికట్టు లోపలివైపు

వాచీలు బాగుచేసే పెద్దాయన ఆఫీసులోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, జేబులోంచి రుమాలు మూట తీసి బల్ల మీద పెట్టాడు.  బతుకంతా వెంట్రుకంత సన్నటి స్ప్రింగులతో గడిపిన ఆ చేతులు మూటని వదలకపోవడం చూసి మేడమ్ కలం మూసి పక్కన పెట్టింది.

ఊళ్ళో అందరూ ఆవిడని మేడమ్ అనే పిలుస్తారు. ఇరవై ఏళ్ళు కోర్టులో స్టెనోగ్రాఫరుగా పనిచేసి, ఇతరుల అబద్ధాలు రాసి రాసి వేళ్ళు నొప్పెడుతున్నాయని మానేసి, ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఒక్కతే ఉంటుంది. ఆవిడ సహాయకుడు, మోకాళ్ళు అరిగి ఉద్యోగం వదిలేసిన బస్సు కండక్టరు. ఉద్యోగం పోయినా కండక్టర్ అన్న పిలుపు పోలేదు. ఆయన వాచీ ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటుంది. మేడమ్ ఏం చెప్పినా నోరు తెరుచుకుని వింటాడు.

"ఒక ఆడమనిషిని అన్యాయంగా లోపలేశారమ్మా," అన్నాడు వాచీలాయన. "నేను నోరు మూసుకుంటే నాకు అన్నం సహించదు."

"రైలు గార్డుగారింట్లో పనిచేసే ఆవిడ సంగతేనా?"

"ఆవిడే."

సంగతి అందరికీ తెలిసిందే. రిటైరైన రైలు గార్డు, ఒంటరివాడు, గురువారం మధ్యాహ్నం తన ఇంటి మెట్ల కింద చచ్చిపడి ఉన్నాడు. మెడ విరిగింది. ప్రాణం పోయి ఇరవై గంటలైనా కావచ్చు, ఎనిమిది గంటలైనా కావచ్చని డాక్టరు అన్నాడు. చేతి వాచీ మాత్రం పగిలి ఆరూ ఇరవై దగ్గర ఆగి ఉంది. ముందు రోజు రాత్రి ఏడున్నరకి బంధువులతో ఫోన్లో మాట్లాడాడు గనక, ఉదయం ఆరూ ఇరవైకి జారిపడ్డాడని పోలీసులు రాసేసుకుని, వస్తువులు ఆయన తమ్ముడి కూతురికి ఇచ్చేశారు. రెండు రోజుల తర్వాత ఎదురింటావిడ, సరిగ్గా ఆ వేళకే పనావిడ ఆ గుమ్మం ముందు నుంచి పరుగున పోవడం చూశానంది. మామూలుగా ఎనిమిదింటికి వచ్చే మనిషి ఆరింటికెందుకు వచ్చిందని పోలీసులు ఆమెను పట్టుకెళ్ళారు.

వాచీలాయన మూట విప్పాడు. పాత కాలపు కీ వాచీ. అద్దం పగిలింది. తోలు బెల్టు పాతబడి మెత్తగా ఉంది.

"ఆ అమ్మాయి బాగుచేయమని ఇచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా ఈ వాచీ నా దగ్గరికే వస్తుంది. ఆయనతో నేను నాలుగు మాటలు మాట్లాడి ఉండను గానీ, ఆయన చెయ్యి నాకు తెలుసు. ఇదిగో, ఐదో బెజ్జం. రోజూ ఇక్కడే పెట్టుకుని ఎంత సాగిపోయిందో చూడండి. ఇప్పుడు మూడో బెజ్జం దగ్గర కొత్త మడత పడింది. మూడో బెజ్జానికి పెడితే ఆయన సన్నటి చేతికి ఇది గాజులా జారిపోతుంది."

మేడమ్ భూతద్దంతో చూసింది. "ఇంకా?"

"ఆయన రోజూ ఉదయం ఐదింటికి లేవగానే కీ ఇస్తాడు. నిండా కీ ఇస్తే ముప్పై ఆరు గంటలు నడుస్తుంది. దానికి ఇరవై నాలుగు చుట్లు. పడినప్పుడు లోపలి ఇరుసు విరిగి వాచీ ఆగిపోయింది. ఆగినప్పుడు స్ప్రింగులో ఎంత బిగువుందో అంతా అలాగే ఉంది. ఐదింటికి కీ ఇచ్చి ఆరూ ఇరవైకి పడితే, నేను ఒక్క చుట్టు తిప్పగానే నిండాలి కదా? పది చుట్లు పట్టిందమ్మా."

"ఆ రోజు కీ ఇవ్వడం మరిచిపోయాడేమో?" అన్నాడు కండక్టర్.

"ముందు రోజు కీ మీదే నడిస్తే పదహారు, పదిహేడు చుట్లు పట్టాలి. పది అంటే పదిహేను గంటలు."

మేడమ్ వేళ్ళ మీద లెక్కేసింది. "బుధవారం రాత్రి ఎనిమిది. ముళ్ళు ఎవరో తర్వాత తిప్పారు."

కండక్టర్ అప్రయత్నంగా తన వాచీ చూసుకున్నాడు.

*

గార్డు ఉండేది మేడ మీద. కింది వాటాలో ప్రెస్సులో అక్షరాలు పేర్చి రిటైరైన కంపోజిటరు ఉంటాడు. భార్య పోయి పదకొండేళ్ళయింది. శవాన్ని మొదట చూసింది ఆయనే. మేడ మెట్లకు వీధిలోకి వేరే తలుపుంది. అది కాక, మెట్ల మొదట్లో, కంపోజిటరు వంటింట్లోకి తెరుచుకునే చిన్న తలుపు ఇంకొకటి ఉంది.

కంపోజిటరు బనియన్ మీదే తలుపు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాచీ మణికట్టు దాటి మోచేతి వైపు సగం దూరం ఎక్కి ఉంది.

"బుధవారం సాయంత్రం పైకి వెళ్ళారా?" అడిగింది మేడమ్.

"లేదమ్మా. కళ్ళు మండుతుంటే మందు వేసుకుని ఏడింటికే పడుకున్నాను. తెల్లారుజామున ఐదున్నర బస్సుకి కంటాసుపత్రికి పోయాను. డ్రైవరు కూడా నన్ను చూశాడు. వచ్చేసరికి రెండు. పిలిస్తే పలకలేదు. వంటింటి తలుపు తీసి చూస్తే..." ఆగిపోయాడు.

"వీధి తలుపు గడియ వేసి ఉందా?"

"నేనే తీసి జనాన్ని కేకేశాను. గడియ ఉందో, ఊరికే చేరవేసి ఉందో... గాభరాలో గుర్తులేదమ్మా."

మేడమ్ ఒంటరిగా పైకి వెళ్ళింది. ఒకే గది. గోడకి రైళ్ళ టైము పట్టిక, కిటికీ పక్కన దూరంగా పోయే రైలు వేళలు రాసుకున్న నోటుబుక్కు. "4-12, రెండు నిమిషాలు ఆలస్యం." పేజీల నిండా అవే. ఎవరూ అడగని లెక్క. మూలన సగం కట్టిన పెట్టె. మధ్యలో చదరంగం బల్ల, దానికి అటూ ఇటూ రెండు కుర్చీలు. గదిలో రెండేసి ఉన్నవి ఆ కుర్చీలు మాత్రమే. ఆవిడ ఒక కుర్చీలో కూర్చుని కాసేపు రెండో కుర్చీ వైపు చూస్తూ ఉండిపోయింది. కండక్టర్ మెట్ల మీంచి పిలిస్తే గానీ లేవలేదు.

తర్వాత ఎదురింటికి వెళ్ళారు.

"ఆవిడ పరిగెత్తడం చూశారు సరే. అంతకుముందు ఏం చేసింది?"

"తలుపు కొట్టింది. భుజం పెట్టి తోసింది కూడా. రాలేదు. ఇక వెళ్ళిపోయింది."

"పోలీసులకి ఈ మాట చెప్పారా?"

"పరిగెత్తిందా అని అడిగారు, అవునన్నాను. తలుపు సంగతి వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు," అందావిడ తేలిగ్గా.

కండక్టర్ పళ్ళు నూరాడు. మేడమ్ ఆయన్ని బయటికి నడిపించింది.

స్టేషన్లో పనావిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆ రోజు కూతురికి పరీక్ష. తొందరగా పని ముగించుకుని పిల్లని బస్సెక్కిద్దామని ఆరింటికే వచ్చింది. అయ్యగారు తలుపు తీయకపోతే నిద్రపోతున్నారనుకుని పరుగున వెళ్ళింది. "నేనంటే ఎవరికి కోపం తల్లీ, నన్నిలా చేశారు?" అని అడిగింది. మేడమ్ లేచి ఇన్‌స్పెక్టరు దగ్గర శవం ఫోటో తీసుకుని చూసింది. ఎడమ చెయ్యి, వాచీ డయల్ పైవైపుకి.

గార్డు తమ్ముడి కూతురు ఫోటో చూస్తూనే మొహం చిట్లించింది. "పెదనాన్న ఇలా పెట్టుకోరు. డయల్ లోపలివైపు, నాడి చూసేచోట ఉంటుంది. చేతిలో జెండా పట్టుకుని కూడా టైము కనబడాలని ఉద్యోగంలో అలవాటు."

"ఆయన మీ ఇంటికి మారిపోతున్నారటగా?"

"ఆదివారం రావాలి." ఆమె భర్త వైపు చూసింది. డ్రైవింగ్ స్కూలు నడిపే ఆ మనిషి కుడిచేతికి తాబేలంత వాచీ పెట్టుకున్నాడు. ఎడమచేత్తో గడ్డం గోక్కుంటూ కిటికీలోంచి బయటికి చూశాడు.

"బుధవారం పొద్దున ఫోన్లో మీరు ఆయన మీద కేకలేశారని పనావిడ చెప్పింది," అంది మేడమ్.

"వేశాను. దానికీ దీనికీ ఏం సంబంధం? ఆ రాత్రి తొమ్మిది దాకా స్కూల్లో పాఠం చెబుతున్నాను. పన్నెండు మంది సాక్షులు."

*

మర్నాడు ఉదయం అందరూ గార్డు గదిలో చేరారు. తమ్ముడి కూతురు, ఆమె భర్త, కంపోజిటరు, వాచీలాయన, పనావిడ, ఆమెను తీసుకొచ్చిన ఇన్‌స్పెక్టరు. చదరంగం కుర్చీల్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు.

మేడమ్ అలాంటిదే ఇంకో పాత వాచీ బల్ల మీద పెట్టి, "కండక్టర్ గారూ, చేతులు రెండూ చాపండి. ఒక్కొక్కరూ వచ్చి ఈయనకి ఈ వాచీ పెట్టండి," అంది.

"ఇదేం ఆటండీ?" అన్నాడు అల్లుడు. అంటూనే కండక్టరు కుడిచేతికి పెట్టి గట్టిగా బిగించాడు.

"రక్తం ఆగిపోతుంది బాబూ," అన్నాడు కండక్టర్.

పనావిడ బెల్టు ఎటు దూర్చాలో తెలియక తిప్పి తిప్పి చూసి బల్ల మీద పెట్టేసింది. తమ్ముడి కూతురు ఎడమచేతికి, సరిగ్గా మణికట్టు ఎముక మీద పెట్టింది. కంపోజిటరు చివర వచ్చాడు. ఎడమచెయ్యి, డయల్ పైకి, రెండు బెజ్జాలు వదులుగా. పెట్టాక, తనకి తెలియకుండానే, ఒక వేలితో దాన్ని కాస్త పైకి తోశాడు.

"ప్రెస్సులో సిరా అంటకుండా వాచీ పైకి తోసుకునేవారు కదూ?" అంది మేడమ్ మెల్లగా.

కంపోజిటరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరికైనా వాచీ పెట్టేటప్పుడు మన చేతులు మన అలవాటే పెడతాయి. గార్డుగారు డయల్ లోపలికి, ఐదో బెజ్జానికి పెట్టుకుంటారు. చనిపోయాక ఎవరో పైకి, మూడో బెజ్జానికి పెట్టారు. అంటే వాచీ చేతి నుంచి ఊడింది, ఇంకొకరు తిరిగి తొడిగారు. వాళ్ళు ఎడమచేతికి, వదులుగా పెట్టుకునే మనిషి. కానీ ఇన్‌స్పెక్టరు గారూ, ఇది సాక్ష్యం కాదు, దారి చూపింది అంతే. సాక్ష్యం స్ప్రింగులో ఉంది." ఆవిడ పది చుట్ల సంగతి చెప్పింది. వాచీలాయన తలూపాడు. "పడింది బుధవారం రాత్రి ఎనిమిదింటికి. గురువారం ఉదయం ఈవిడ తోసినా వీధి తలుపు రాలేదు, ఎదురింటావిడ చూసింది. అంటే లోపల గడియ ఉంది. గడియ వేసిన మనిషి అప్పటికే లోపల చనిపోయి ఉన్నారు. ఎనిమిదింటికి ఇక్కడున్న రెండో మనిషి ఎటు వెళ్ళాడు? మిగిలింది ఒకటే తలుపు. అది వంటింట్లోకి పోతుంది. ముళ్ళు ఆరూ ఇరవైకే ఎందుకు తిప్పారంటే, ఆ వేళకి తను బస్సులో, అందరి కళ్ళ ముందు ఉంటాడు గనక."

 కంపోజిటరు చదరంగం బల్ల దాకా నడిచి, తనకి అలవాటైన కుర్చీలో కూర్చున్నాడు.

"నేను తోయలేదు," అన్నాడు. "పదకొండేళ్ళు. రోజూ ఎనిమిదింటికి ఒక ఆట. ఆ రోజు పెట్టె కట్టుకుంటూ, ఆదివారం పోతున్నానన్నాడు. ఆట మధ్యలో లేచి నేను కిందికి పోతుంటే వెనకే వచ్చాడు. నీతో ఒక మాట చెప్పాలి, ఆగవయ్యా అన్నాడు. నాకేం చెప్పొద్దు, పోవద్దు అని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నాడు. వాచీ నా చేతిలోకి వచ్చేసింది. ఆయన పడిపోయాడు. వాచీ కూడా మెట్ల మీద పడింది." నాడి పట్టుకునేచోట తన మణికట్టునే పట్టుకుని చూపించాడు. "ఇక్కడ చూశాను. ఏమీ లేదు. డయల్ లోపలికుంటుందని నాకు తెలుసమ్మా. నాకంటే ఎవరికి తెలుసు? అయినా చేతులకి గుర్తులేదు."

"మరి ఈవిడని పట్టుకెళ్ళినప్పుడు?" అన్నాడు కండక్టర్, గొంతు పెంచి.

"ఆ రోజు తొందరగా వస్తుందని నాకు తెలియదు. తర్వాత... రోజూ స్టేషను సందు దాకా వెళ్ళి తిరిగొచ్చాను." పనావిడ వైపు చూడలేకపోయాడు.

తమ్ముడి కూతురు మొహం కప్పుకుని ఏడుస్తోంది. ఆమె భర్త గొంతు సవరించుకున్నాడు.

"ఫోన్లో గొడవ దేనికో చెబుతాను," అన్నాడు. "పెద్దాయన ఒక్కరే రానన్నారు. కిందాయన్ని కూడా తీసుకొస్తాను, వెనక గది మా ఇద్దరికీ చాలు అన్నారు. సత్రం కాదు మా ఇల్లు అని అరిచాను. సాయంత్రానికి ఈవిడ నన్ను ఒప్పించింది. ఏడున్నరకి తనే ఆయనకి ఫోన్ చేసి సరే, ఇద్దరూ రండి అంది."

కంపోజిటరు బల్ల మీది పావు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"నాతో చెప్పలేదే," అన్నాడు.

"అదే చెప్పబోయారు," అంది మేడమ్. "మీరు విననన్నారు."

ఇన్‌స్పెక్టరు ఆయన్ని లేవదీసినప్పుడు బనియన్ మీద చొక్కా వేసుకోవాలన్న ధ్యాస కూడా లేదు. పనావిడ కిందికి వెళ్ళి చొక్కా తెచ్చి, ఆయన భుజాల మీద వేసి, కూతురి దగ్గరికి బయల్దేరింది.

జీపు పోయాక వీధి మామూలైపోయింది. మేడా కింది వాటా రెండూ ఖాళీ. తమ్ముడి కూతురు తాళం పట్టుకుని ఏ తలుపు ముందు వేయాలో తెలియనట్టు నిలబడింది.

మేడమ్, కండక్టర్ మలుపు దాకా నడిచారు.

"ఇంటికేనా మేడమ్?"

"ఇంటికే."

"ఇంటికెళ్ళి ఏం చేస్తారు?"

తొమ్మిదేళ్ళలో ఆయన ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. మేడమ్ నడక తగ్గించింది. 

"మా ఆవిడ మీ గురించి రోజూ అడుగుతుంది," అన్నాడు కండక్టర్, మోకాలు రుద్దుకుంటూ. "భోజనానికి రండి. కూరలో కాస్త కారం ఎక్కువుంటుంది, అంతే."

ప్రతిసారీ చెప్పే మాట, ఇంకోసారి చూద్దాంలెండి అన్నది, ఆవిడ నోటిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపి, "పదండి," అంది.