డాక్టర్ సాబ్ రెండో మాట

నాగమణమ్మ పొద్దున్నే నల్లనువ్వులు, బెల్లం రోట్లో దంచి ముద్దలు చేసింది. నువ్వుల వేడికి కూతురు పెద్దమనిషి అవుతుందని నాలుగేళ్లుగా ఆమె ఆశ. ఆండాలుకు పద్దెనిమిది నిండాయి. ఆమెకంటే చిన్నవాళ్లకు కూడా ఆ గల్లీలో హారతులిచ్చి పేరంటాలు చేసేశారు.

"తిను."

"తింటున్న గదనే అమ్మా."

"తింటే కాకపోతదా? నీ వొంట్లనే మొండితనమున్నది."

ఏడేళ్లప్పుడు ఆండాలు కడుపులో గడ్డ లేచింది. దవాఖానలో కోసి తీసేశాక నెలపాటు కరెంటు పెట్టారు. రేడియేషన్ అనే మాటకు ఆ ఇంట్లో నోళ్లు తిరగవు, కరెంటంటే కరెంటే. పిల్ల దక్కింది కానీ ఎత్తు పెరగలేదు, నడుము ఒక పక్కకు ఒరిగింది. గుడ్డికన్నా మెల్ల నయమని తల్లి సరిపెట్టుకుంది.

"ఇయ్యాల దీన్ని డాక్టరమ్మకు చూపిస్త," అంది భర్తతో.

వైకుంఠం పత్తర్‌గట్టి బట్టల దుకాణంలో గుమాస్తా. అంగీ తొడుక్కుంటున్నవాడల్లా ఆగిపోయాడు.

"వద్దే. చూపించినా ఏం కాదు. నాకెర్కే."

"ఏమెర్క?"

"ఆనాడు దవాఖానల డాక్టర్ సాబ్ ఏమన్నడో యాదికున్నదా?"

"ఎట్ల మరుస్త? బచ్చీ బచ్ జాయేగీ, బిడ్డ బతుకుతది అన్నడు." అప్పట్లో ఆమెకు ఉర్దూ ముక్క రాదు. "రెండోసారి గూడ బచ్చీ అనుకుంటనే ఏందో అన్నడు. గదే మాటని నువ్వే చెప్పినవ్."

వైకుంఠం గడప మీద కూలబడ్డాడు. "గది గాదు. బచ్చేదానీ అన్నడు. గర్భసంచి. కరెంటుకు గది కాలిపోతది, పెద్దమనిషి గాదు, పిల్లలు గారన్నడు. నువ్వేమో మెట్ల మీద సంబురంతోని ఏడుస్తున్నవ్. నాకు నోరు రాలే."

నాగమణమ్మ చేతిలోని నువ్వుల ముద్దను రోట్లోకి విసిరికొట్టింది.

"పదకొండేండ్లాయె! నేను రోజూ దాని నోట్లె నువ్వులు కుక్కుతుంటే సూసుకుంట కూసున్నవా? పరువు తీస్తున్నవని దాన్ని తిట్టిన గదనయ్యా! అప్పుడన్న నీకు నోరు రాలేదా?"

వైకుంఠం రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఉర్దూలో ఎంతటి బేరగాణ్నయినా ఒప్పించే మనిషికి ఇంట్లో తెలుగు ముక్క దొరకలేదు.

ఆండాలు లేచి వచ్చింది. కళ్లలో నీళ్లున్నాయి. కానీ తండ్రి మీద కోపమేమీ లేదు.

"అయితే అమ్మా," అంది మెల్లగా, "తప్పు నాది గాదా?"

ఇన్నేళ్లూ పిల్ల మనసులో ఏం మోసిందో నాగమణమ్మకు అప్పుడర్థమైంది. కూతుర్ని గుండెలకు హత్తుకుని బావురుమంది.

"నీది గాదు బిడ్డా. ఏనాడూ నీది గాదు."