నాలుగొందల నలభై గ్రాముల ప్రళయం

డబుల్ ఏజెంట్ నెమలి ఎర్ర గౌనులో కంట్రోల్ రూమ్ తలుపు తోసి, "వాన వచ్చేలా ఉంది," అంది.

"గొడుగుంది, రా," అన్నాడు ఏజెంట్ గద్ద తల ఎత్తకుండానే. బయట ఎండ పేలిపోతోంది. ఇలాంటి కోడ్ వర్డులు రాసేవాడికి కూడా జీతమిస్తున్నారని తలుచుకున్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండుతుంది.

పక్కనే కూర్చున్న చీఫ్ మాత్రం గబుక్కున లేచాడు. గద్దకి చీఫ్ పై అధికారే కాదు, అక్క మొగుడు కూడా. ఆ అక్క ఇప్పుడు కింద కాన్ఫరెన్స్ హాల్లో, రెండు వందల మంది ప్రతినిధుల మధ్య ఇంటర్‌ప్రెటర్‌గా ఉంది.

నెమలి ఒక ఫోటో బల్ల మీద పడేసింది. హాలు ఏసీ డక్ట్‌లో చిన్న సిలిండర్, దానికి రిమోట్ వాల్వ్.

"మీరు నన్ను చేర్పించిన విదేశీ ముఠా పని. కార్బన్ డయాక్సైడ్. ఆరు వేల కోట్ల కోట్ల కోట్ల మాలిక్యూల్స్! చప్పట్లు మొదలవగానే వాల్వ్ తెరుచుకుంటుంది. ఒక్కడూ మిగలడు. అలారం నొక్కండి!"

చీఫ్ చెయ్యి అలారం బటన్ మీదికి వెళ్ళింది. "కోట్ల కోట్ల కోట్లా! ఒరేయ్, మీ అక్క లోపలుందిరా!"

అలారం నొక్కితే భవనంలోని ప్రతి ఎలక్ట్రానిక్ తలుపూ తెరుచుకుంటుంది. దేశ రహస్యాలన్నిటికీ తాళంచెవి అయిన సైఫర్ చిప్ ఉన్న స్ట్రాంగ్ రూమ్ కూడా.

"కోట్లు సరే, బరువెంత?" అన్నాడు గద్ద.

"నాలుగొందల నలభై గ్రాములు. ముఠా ప్రొఫెసర్ నా కళ్ళ ముందే నింపాడు," అంది నెమలి గర్వంగా.

గద్దకి నవ్వొచ్చింది. కానీ గుండెల్లో భయం కూడా ఉంది. లెక్క తప్పితే పోయేది అక్క. చిన్నప్పుడు ఎక్కాలు రాకపోతే చెవి మెలేసి నేర్పించిన అక్క. అందుకే రెండుసార్లు లెక్కేసుకున్నాడు.

"బావా, చెయ్యి వెనక్కి తియ్. నలభై నాలుగు గ్రాములైతే ఒక మోల్. అంటే వీళ్ళు తెచ్చింది పది మోల్స్. మోల్‌కి ఆరు వందల కోట్ల కోట్ల కోట్ల మాలిక్యూల్స్ కాబట్టి ఈవిడ చెప్పిన అంకె నిజమే. కానీ ఈ వేడికి మోల్ గ్యాస్ ఇరవై నాలుగు లీటర్లు, పదికి రెండు వందల నలభై. హాలు ముప్ఫై లక్షల లీటర్లు. పదివేలలో ఒక వంతు కూడా కాదు! ఒక్క ఉపన్యాసం వింటూ జనం ఆవలించి వదిలేదే దీనికి పదింతలు ఉంటుంది."

"అది వేరే విషవాయువైతే?" అన్నాడు చీఫ్.

"గేటు దగ్గర సెన్సార్ విషవాయువు దేన్నీ రానివ్వదు. మనం వదిలే గాలినే వదిలేస్తుంది. అందుకే పాపం, ఈ సోడా గ్యాస్ తెచ్చుకున్నారు."

కింద చప్పట్లు మోగాయి. వాల్వ్ తెరుచుకుంది. హాలు మైకుకి కలిపిన స్పీకర్‌లో చిన్నగా బుస్సుమన్న శబ్దం వినిపించింది. "అయిపోయిందిరా!" అంటూ చీఫ్ బటన్ మీదికి దూకాడు. వేలు తగలబోయే క్షణంలో గద్ద ఆ మణికట్టు ఒడిసి పట్టాడు.

స్పీకర్‌లో అక్క గొంతు, ఒక్క మాట తడబడకుండా, అనువాదం కొనసాగిస్తూనే ఉంది. గద్ద అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు. చీఫ్ కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

గద్ద మానిటర్ వైపు చూపించాడు. స్ట్రాంగ్ రూమ్ ముందు ముగ్గురు ఫైర్ సర్వీస్ యూనిఫాంలో, ఇంకా మూసే ఉన్న తలుపు వైపు దిక్కుతోచనట్టు చూస్తున్నారు.

"అలారం మోగకముందే ఫైర్ వాళ్ళు వచ్చిన దేశం ఎక్కడైనా ఉందా బావా?" అని, టై పిన్ ట్రాన్స్‌మీటర్ నొక్కాడు. "ఆ ముగ్గురినీ పట్టుకోండి."

నెమలి పర్సులోంచి పిస్టల్ తీయబోయింది. పర్సు ఫ్యాషన్‌ది. జిప్ ఇరుక్కుపోయింది. గద్ద తొందరేమీ లేకుండా పర్సు లాక్కుని ఆమెకి బేడీలు వేశాడు.

"మా ప్రొఫెసర్‌కి రెండు డాక్టరేట్లున్నాయి!" అని అరిచింది నెమలి, అవమానం తట్టుకోలేక.

"రెండూ కలిపి తూకమేస్తే ఎన్ని గ్రాములొస్తాయో!" అన్నాడు గద్ద.