రెండో గుండు

సదుం నుంచి పుంగనూరుకు వచ్చే దావలో, కొండ కింద, ఒక పాత మోటరు గది ఉండాది. పైకప్పు సగం పడిపోయింది. బోరు ఎండిపోయి శానా కాలమైంది. దాన్ని మా పక్క రెడ్డెమ్మ గది అంటారు. పొద్దు మునిగితే మేకలోళ్ళు గూడా ఆ పక్కకి పోరు.

రెడ్డెమ్మ మొగుడు గురప్ప ఆ గదిలోనే పంటకి కాపలా ఉండేవాడంట. ఒక రేత్రి అడివిపందిని కాల్చబోతే నాటుతుపాకి చేతుల్లోనే పగిలిపోయింది. మనిషి ఆడనే పోయినాడు. ఆ తుపాకి ఎవరు నింపిచ్చినారో, ఎంత మందు పోసిచ్చినారో... ఎవురూ నోరు తెరవలేదు. రెడ్డెమ్మ ఆ గది వదలకుండా కూర్చోని, అన్నం నీళ్ళు మానేసి, ఆమే పోయింది. అప్పట్నుంచి చీకటి పడితే ఆడ ఇనుప కమ్మి తుపాకి గొట్టంలోకి దిగే శబ్దం వస్తాదంట.

కిర్ర్... టక్. మళ్ళీ కిర్ర్... టక్.

నేను నమ్మేదాన్ని గాదు. పుంగనూరులో ఎరువుల అంగడి పెట్టుకోని కూర్చున్నదాన్ని, ఇట్లాంటి కతలు ఎన్ని ఇని ఉంటాను. మందుల కోసం వచ్చే టమోటా రైతులు పురుగుల కంటే దెయ్యాల గురించే జాస్తి మాట్లాడతారు. కానీ ఈ సంగతి మా అంగడికొచ్చే నాగేంద్ర చెప్పినాడు. వాడు అబద్ధం చెప్పే రకం గాదు. చెప్పడం వస్తే గదా, పాపం.

నాగేంద్రకు అమ్మా నాయనా లేరు. అన్న మునిరత్నమే పెంచినాడు. అన్న గీత గీస్తే దాటడు. "ఏమప్పా, తుమ్మాలన్నా మీ అన్ననడగాల్నా?" అని నేనే ఎన్నోతూర్లు ఎగతాళి చేసినా. పోయిన వానాకాలం వాళ్ళ టమోటా తోటలో పందులు పడినాయి. తోట ఉండేది రెడ్డెమ్మ గదికి అవతలే. ఆ వారమే అన్నదమ్ములకు భూమి భాగాలు చేసేదానికి పెద్దమనుషులు కూర్చోవాల. "నువ్వు ఏది ఇస్తే అదే నాదన్నా" అన్నాడంట వీడు. ఏదీ ఇవ్వకూడదని ఆయన అనుకున్నాడేమో, వీడికి యాడ తెలుస్తాది.

ఆ సాయంత్రం మునిరత్నం వాళ్ళ నాయన కాలంనాటి తుపాకిని తానే నింపినాడు. మూతిలోంచి మందు పోసి, గుడ్డ కుక్కి, గుండు వేసి, పైన ఇంకో గుడ్డ పెట్టి కమ్మితో దట్టించే రకం తుపాకి అది. తమ్ముడికి తానే సంగటి వడ్డించినాడు. "తినిపోరా, రేత్రంతా మేలుకోవాల" అన్నాడు. గడప దాటేటప్పుడు ఇంకో మాట గూడా చెప్పినాడు.

"రెడ్డెమ్మ గదికాడ ఏదన్నా కదిలితే వెనకాముందూ సూడాకు. కాల్చేయ్."

మబ్బు పట్టి ఉండాది. దావ సరిగ్గా కనపడలేదు. గది దగ్గరికి వచ్చేసరికి —

కిర్ర్... టక్.

నాగేంద్ర కాళ్ళు ఆడనే నిలిచిపోయినాయి. గది వాకిట్లో ఏదో తెల్లగా... కదిలింది. అన్న మాట గుర్తుకొచ్చింది. తుపాకి భుజానికెత్తినాడు. దాని సుత్తి వెనక్కి లాగినాడు. వేలు మీట మీద పెట్టినాడు.

"కాల్చాకప్పా..."

ఆడమనిషి గొంతు. గుసగుసగా వచ్చింది.

"సుత్తి మెల్లిగా దించు. చెయ్యి జారనీయాకు."

వాణ్ణి అప్పా అని పిలిచేది ఇంట్లో ఒకరే — వదిన నీరజ. మునిరత్నం పెండ్లాం. తల నిండా కొంగు కప్పుకోనుండాది. వాడు ఫోన్ లైటు వేయబోతే, "నా పక్కకి తిప్పాకు. కిందపెట్టు" అనింది. మొగుడికి తెలీకుండా వచ్చింది గదా, అందుకే అనుకున్నాడు. లైటు తుపాకి పక్కకి తిప్పి నేల మీద పెట్టినాడు.

"ఈ చీకట్లో నువ్వు యాల వచ్చినావు వదినా?"

"ముందు టోపి తీసేయ్" అనింది.

సుత్తి కింద నిప్పు పుట్టించే చిన్న రాగి టోపి ఉంటాది. దాన్ని గోరుతో ఊడదీసినాడు.

"ఇంక పేలదులే అనుకోవాకు. మూతి పైకి పెట్టు. నీ మొగం పక్కకి పెట్టుకో. ఇప్పుడు కమ్మి దింపి సూడు."

వదిలినాడు. కిర్ర్... టక్.

ఆ కమ్మి మీద వాళ్ళ నాయన ఒక గాటు పెట్టిపోయినాడు. తుపాకిలో ఒక గుండు ఉంటే ఆ గాటు సరిగ్గా గొట్టం మూతికాడ నిలవాల. ఆ రేత్రి బెత్తెడు పైన నిలిచింది.

తీసి మళ్ళీ వదిలినాడు. బెత్తెడు పైనే.

రెండుతూర్లు నింపిన తుపాకి కాలిస్తే గొట్టమే పగుల్తాది. గురప్ప తుపాకి యాల పగిలిందో వాడికి అప్పుడు అర్థమైంది.

"అన్న మరిచిపోయి రెండుతూర్లు నింపినట్టుండాడు" అన్నాడు. కమ్మి బయటికి తీసినాడు. "మరుపే వదినా. ఇంకేమీ గాదు."

"పోయేటప్పుడు నీకేమని చెప్పినాడప్పా?"

నాగేంద్ర తుపాకిని నిలబెట్టి నేలకు ఆనించినాడు.

ఆమె చెప్పినట్టే, తాగేదానికి తెచ్చుకున్న బాటిల్లో నీళ్ళు మూతిలోంచి పోసినాడు. టోపి పెట్టే బెజ్జంలోంచీ పోసినాడు. మందు తడిసి ముద్దయ్యేదాకా ఓర్చుకోమనింది. ఇద్దరూ ఆడనే కూర్చున్నారు... తడిమందు వాసన వస్తాండాది. ఆమె ఊపిరి మాత్రం వినపడలేదు. అది వాడికి తర్వాత ఎప్పుడో తట్టింది.

తుపాకి సంచిలో మెలితిరిగిన చిన్న ఇనుప ముల్లు ఉంటాది. దాన్ని కమ్మి కొసకు బిగించి లోపలికి దింపినాడు.

"పొడవాకు. తిప్పు... గుడ్డకు పట్టుకునిందా? మెల్లిగా లాగు."

గుడ్డ వచ్చింది. వంచితే గుండు రాలింది. దాని కిందిది గూడా లాగితే నల్లటి బురద కారింది. ఇంకోతూరి కమ్మి దింపినాడు. ఇంకో గుడ్డ. ఇంకో గుండు.

గుడ్డలన్నీ అన్న గళ్ళ టవల్లోవే. ఒక్కోదాన్ని నాలుగు మడతలు పెట్టి పొందిగ్గా కుక్కినాడు. మరిచిపోయినోడి పని గాదది.

ఆడ కూర్చోని ఏడ్చినాడంట. నాకు చెప్పేటప్పుడు గూడా సిగ్గుపడలేదు. "నన్ను పెంచిన చెయ్యి అక్కా అది" అన్నాడు.

ఏడ్చి ఏడ్చి లేచినాడు. "రా వదినా, ఇంటికి పోదాం" అన్నాడు. దావ పొడుగునా వెనక అడుగుల శబ్దం వింటానే నడిచినాడు.

మునిరత్నం పడుకోలేదు. అరుగు మీద కూర్చోని ఉండాడు. తమ్ముణ్ణి సూసి లేచి నిలబడినాడు. నోట్లోంచి వచ్చిన మొదటి మాట —

"యాల కాల్చలేదు?"

పందులొచ్చినాయా అని అడగలేదు. అప్పుడే యాల వచ్చినావని గూడా అడగలేదు.

నాగేంద్ర రెండు గుండ్లూ అరుగు మీద పెట్టినాడు. "వదిన రాకపోయింటే కాల్చేవాణ్ణే అన్నా" అని వెనక్కి తిరిగినాడు.

వెనక ఎవురూ లేరు.

ఇంటి లోపల్నుంచి తలుపు బాదే శబ్దం వచ్చింది. పోయి సూస్తే లోపలి గదికి బయట గడె పెట్టి, తాడుతో కట్టేసి ఉండాది. విప్పినాడు. నీరజ. అరిచి అరిచి గొంతు పోయింది. మరిది గడప దాటినాక "మందు రెండుతూర్లు యాల పోసినావు?" అని మొగుణ్ణి అడిగిందంట. అంతే, ఆ గదిలోకి తోసి గడె పెట్టినాడు.

"నేను యాడికీ రాలేదప్పా" అనింది. "రానిస్తే గదా."

నీరజ ఇప్పుడు కుప్పంలో పుట్టింట్లో ఉండాది. నాగేంద్ర మదనపల్లె టమోటా మార్కెట్లో పని చేస్తాండాడు. పుంగనూరొస్తే నా అంగడికి వస్తాడు.

"ఆ గది తలుచుకుంటే భయం గాదా నీకు?" అని అడిగినా.

"ఆడికి పోయి అప్పుడప్పుడూ దీపం పెట్టొస్తాండా అక్కా. భయం ఆడ గాదు."

పోదామని లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఆ సాయంత్రం సంగటి ముద్దలో గుంత చేసి నెయ్యి పోసినాడక్కా. నాకిష్టమని... రెండోతూరి గూడా పోసినాడు. ఇప్పుడు ఎవురు ముద్ద పెట్టినా ముందు వాళ్ళ మొగం సూస్తాండా."